రోబోటిక్స్ కోర్సుకు ముందు సి++ నేర్చుకోవాలా, పైథాన్ నేర్చుకోవాలా?

ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో రోబోటిక్స్ తొలి కోర్సు తీసుకుంటున్నానని, ఈ సెలవుల్లో సి++ మొదలుపెట్టాలా పైథాన్ మొదలుపెట్టాలా అని అడిగారు. ముందు వోల్టేజీ, కరెంటు కొలిచే మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి. అడిగినదానికి ఇది జవాబు కాదని నాకూ తెలుసు. కానీ మా బ్యాచ్‌లో ఆ కోర్సు తప్పినవాళ్లలో ప్రోగ్రామింగ్ రాక తప్పినవాడు ఒక్కడూ లేడు.

మాది నెల్లూరు పక్కన కోవూరు. మా మేనమామకు అక్కడ మోటారు వైండింగ్ షాపు ఉంది. పొలాల బోరు మోటార్లు, రొయ్యల గుంటల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల మోటార్లు కాలిపోయి ఆయన దగ్గరికి వస్తాయి. ఇంజినీరింగ్‌లో చేరాక నేను ఆ షాపు గడప తొక్కడమే మానేశాను. వార్నిష్ వాసన అని చెప్పేవాణ్ని గానీ, అసలు సంగతి పొగరు.

ఆ కోర్సులో మాకు ఇచ్చిన పని నేల మీది నల్లగీత వెంట నడిచే చిన్న బండి. మన కోడ్‌ను నడిపే ఆర్డుఇనో ఉనో బోర్డు, దాని మాట విని మోటార్లకు కరెంటు పంపే ఎల్298ఎన్ మోటార్ డ్రైవరు, రెండు గేరు మోటార్లు, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతితో గీతను పట్టే సెన్సార్లు. చేత్తో ఎత్తి పట్టుకుంటే చక్రాలు చక్కగా తిరిగేవి. నేల మీద పెడితే ఒక్కసారి ఉలిక్కిపడి ఆగేది, మళ్లీ ఉలిక్కిపడేది. మూడు రాత్రులు కోడ్ తిరగరాశాను. బండి గీత తప్పినప్పుడు ఎంత తిప్పాలో తేల్చే పీఐడీ విలువలను మార్చని రీతి లేదు. చివరికి దాన్ని చెప్పుల డబ్బాలో పెట్టుకుని సంక్రాంతికి ఇంటికి వచ్చాను.

"బ్యాటరీ చూశావా?" అన్నాడు మామ.

"చూశాను మామా, తొమ్మిది వోల్టులు ఉంది."

"మోటారు ఊరికే ఉన్నప్పుడు చూసి ఏం లాభం అల్లుడూ? లోడు మీద చూడు."

మీటరు తీగలు బ్యాటరీకి తగిలించి, బండిని నేల మీద పెట్టి, చక్రానికి వేలు అడ్డం పెట్టాడు. అంకె గబగబా పడిపోయి ఐదు దగ్గర ఊగింది. ఆ క్షణంలోనే బోర్డు మీది దీపం ఆరి వెలిగింది. నా కోడ్ మళ్లీ మొదటి వరుస నుంచి మొదలైంది. ఆగి ఉన్న మోటారు కదలడానికి, తిరుగుతున్నప్పటికంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. గుంటల దగ్గర ఏరియేటర్లన్నీ ఒక్కసారే వేయకుండా ఒకదాని తర్వాత ఒకటి వేసేది అందుకే. ఆ చిన్న పలక బ్యాటరీ అంత కరెంటు ఇవ్వలేదు, పైగా డ్రైవరు తన వంతుగా మరో రెండు వోల్టులు మింగుతుంది. అలాంటి బ్యాటరీకి తగిన చోటు ఎక్కడో తెలుసా? మామ చేతిలోని మీటరు లోపల. 3.7 వోల్టుల లిథియం సెల్లులు రెండు వరుసగా కలిపితే బండి నడిచింది.

అసలు ఈ సంగతి ఇంటర్‌లోనే తెలియాల్సింది. మా కాలేజీలో ఫిజిక్స్ ల్యాబు తాళం పరీక్షల ముందు వారమే తీసేవారు. గాల్వనోమీటరు బొమ్మను రికార్డులో ఎంతో అందంగా గీశాను, దాన్ని ముట్టుకున్నది లేదు. ఇక రెండు రోజుల వర్క్‌షాపులు, చివర్లో సర్టిఫికెట్టు. రిమోటుతో నడిచే బొమ్మకారును రోబో అని పిలవడానికి అన్ని వందలు ఎందుకు కట్టాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

లెక్కల విషయానికొస్తే, ఇంటర్ 1ఎ పుస్తకం అటక మీద నుంచి దించి మాత్రికలు మళ్లీ చేయండి. అదే పుస్తకాన్ని చేతిలో పట్టుకుని ముందు మీ వైపుకు, తర్వాత పక్కకు తొంభై డిగ్రీలు తిప్పండి. వరుస మార్చి మళ్లీ తిప్పండి. అట్ట వేరే వైపు చూస్తుంది. గుణకారంలో వరుస మారితే జవాబు ఎందుకు మారుతుందో అప్పుడు ఒంటబడుతుంది. రోబో చేతి కీళ్ల లెక్క రాసే 1955 నాటి డెనవిట్–హార్టెన్‌బర్గ్ పట్టిక తరగతిలోకి వచ్చినప్పుడు మీరు బిక్కమొహం వేయరు.

భాష సంగతా? ఆర్డుఇనో అయితే సి++, రాస్ (రోబోలకు వాడే సాఫ్ట్‌వేర్, ఆర్‌ఓఎస్) మీద నడిపే కోర్సయితే పైథాన్‌తో మొదలుపెట్టవచ్చు. పదిహేను రోజులు చాలు. డెమో రోజు కిటికీ పక్క బల్ల ఇస్తే మాత్రం ఒప్పుకోకండి. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది, సెన్సారుకు గీత ఆనదు. నాకు ఆ సంగతి ఐదు మార్కులు పోయాక తెలిసింది.