ఖాజాగూడ గుట్ట మీద కోరల్ లైకెనా? యాప్ మాట నమ్మకండి

హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్ట రాయి మీద తీసిన లైకెన్ (శిలీంధ్రం, ఆల్గే కలిసి బతికే జీవి) ఫొటోకి, ఫొటో చూసి జీవుల పేర్లు చెప్పే యాప్ 'స్ఫీరోఫోరస్ ఫ్రాజిలిస్' అని పేరు చూపించింది, నిజమేనా అని అడిగారు. కాదు. పగడంలా కొమ్మలుండే ఆ కోరల్ లైకెన్ స్కాట్లాండ్ కొండలు, నార్వే, ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ లాంటి చలి ప్రాంతాల రాళ్ల మీద పెరిగేది. మే ఎండకి కాలే మన గ్రానైట్ దానికి చోటు కాదు.

మీరు చూసింది చాలావరకు రాయికి అతుక్కుపోయిన లైకెన్ మీద లేచిన ఐసిడియాలు, అంటే చిన్న చిన్న బుడిపెలు. జూమ్ చేస్తే అవీ పగడంలాగే కనిపిస్తాయి. గోరుతో అంచు కదిపి చూడండి. ఒళ్లంతా రాయికి పట్టేసి, పైన బుడిపెలు మాత్రమే లేచి ఉంటే అది కోరల్ లైకెన్ కాదు. అసలుది గుబురుగా, దిండులా నిలబడి ఉంటుంది.

చలి కొండలకి ట్రెక్ వెళ్లినప్పుడు అలాంటి గుబురు కనిపిస్తే కొమ్మ లోపల చూడాల్సిందే. ఎండినప్పుడు ముట్టుకుంటే పొడిపొడిగా విరిగిపోతుంది కాబట్టి ముందు రెండు చుక్కల నీళ్లు వేసి, మెత్తబడ్డాక బ్లేడుతో అడ్డంగా కోయండి. 10ఎక్స్ లెన్స్‌లో లోపల బోలుగా కనిపిస్తే అది క్లాడోనియా అనే వేరే లైకెన్. గట్టిగా ఉండి, కొమ్మ మీద రవ్వల్లాంటి పలుకులుంటే స్టీరియోకాలన్ అనే ఇంకో లైకెన్. గట్టిగా ఉండి పైన నున్నగా ఉంటేనే స్ఫీరోఫోరస్. అందులోనూ ఫ్రాజిలిస్‌కి కొమ్మలన్నీ ఇంచుమించు ఒకే మందం. దాని దగ్గరి చుట్టం స్ఫీరోఫోరస్ గ్లోబోసస్‌కి లావు కాండం, దాని పక్కన సన్నని రెమ్మలు విడివిడిగా తెలుస్తాయి.

ఇంకా అనుమానముంటే అయోడిన్ పరీక్ష. కోసిన ముక్కని ఆరనిచ్చి, లోపలి తెల్లటి భాగం మీద లూగాల్ ద్రావణం (అయోడిన్ ద్రావణం) ఒక చిన్న చుక్క వేయండి. నీలం లేదా ఊదా రంగుకి తిరిగితే గ్లోబోసస్, తిరగకపోతే ఫ్రాజిలిస్. చాలామంది పై తోలు మీదే చుక్క వేసి 'రంగు రాలేదు' అంటారు. తడి ముక్క మీద వేస్తే ద్రావణం పలచబడి ఫలితం తేలదు. అయోడిన్ సొంత పసుపు రంగుని ఫలితం అనుకోవద్దు.

ఇవేవీ ఫొటోలో కనబడవు. అందుకే లైకెన్ల విషయంలో యాప్‌లు చెప్పే పేర్లకి నేను విలువివ్వను. అంతకంటే బాధ, మన గుట్టల మీద పెయింటుతో పేర్లు, బాణం గుర్తులు రాసేవాళ్లని చూస్తే. రాయికి అతుక్కునే లైకెన్లలో ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగనివి ఉన్నాయి. ఒక్క బ్రష్షు దెబ్బకి దశాబ్దాల ఎదుగుదల పోతుంది.

నమూనా తప్పదనుకుంటే చిటికెడు చాలు. కాగితం కవర్లో వేయండి, ప్లాస్టిక్‌లో బూజు పడుతుంది. తీసే ముందు పొడిగా ఒకటి, తడిపి ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసుకోండి. తడిస్తే చాలా లైకెన్ల రంగు మారిపోతుంది.