పొగ ఎక్కువైతే వానలూ ఎక్కువ పడాలి కదా?

"గాలిలో దుమ్ము, పొగ లేకపోతే చినుకే పుట్టదంటారు. మరి ఇంత కాలుష్యం ఉన్నప్పుడు వానలు దంచికొట్టాలి కదా?" అని అడిగారు. మొదటి మాట నిజమే, రెండోదే కుదరదు.

నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను. పిల్లలకు చేసి చూపించేది ఇది. ఖాళీ ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ సీసాలో అడుగున కాస్త గోరువెచ్చని నీళ్లు పోసి, మూత బిగించి, గట్టిగా నొక్కి వదలండి. పెద్దగా ఏమీ కనిపించదు. ఇప్పుడు మూత తీసి అగరుబత్తి పొగ కొంచెం లోపలికి పోనిచ్చి మళ్లీ నొక్కి వదలండి. సీసా అంతా తెల్లగా కమ్ముకుంటుంది. నొక్కితే మాయం, వదిలితే మళ్లీ మబ్బు. వెనక బెంచీ వాళ్లు కూడా ముందుకొచ్చేస్తారు. ఆవిరి అంటుకోవడానికి సముద్రపు ఉప్పో, దుమ్మో, మసో ఏదో ఒక కణం ఉండాలి. అవేవీ లేని గాలిలో తేమ (గాలి పట్టగలిగినంత నిండితే 100 శాతం అంటాం) దాదాపు 400 శాతానికి చేరితే గానీ చుక్క తయారవదు.

అయితే ఆ సీసాలో మబ్బు వస్తుంది గానీ వాన రాదు. మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. మబ్బులో తుంపర వెడల్పు సుమారు 0.02 మిల్లీమీటర్లు, మామూలు చినుకుది 2 మిల్లీమీటర్లు. అంటే 10 లక్షల తుంపరలు కలిస్తే ఒక్క చినుకు. మబ్బులో ఉన్న నీరు ఎంతో అంతే కాబట్టి, పొగ కణాలు పెరిగితే వాటాదారులు పెరిగినట్టే. ఒక్కో తుంపర మరీ చిన్నదై తేలుతూ ఉండిపోతుంది, పక్కదాన్ని ఢీకొని కలవదు. పలచటి మబ్బైతే కురవకుండానే చెదిరిపోవచ్చు. ఎత్తుగా ఎదిగే ఉరుముల మబ్బులో మాత్రం కింద కురవని నీరు పైకెళ్లి గడ్డకట్టి, అప్పుడు విడుదలయ్యే వేడితో మబ్బు ఇంకా బలుస్తుందంటారు. దీని మీద వాదనలున్నాయి గానీ, హిందూ మహాసముద్రంలో ఓడలు పొగ వదులుతూ తిరిగే దారుల మీద పక్క సముద్రం కంటే దాదాపు రెట్టింపు మెరుపులు వస్తున్నాయని 2017లో తేలింది.

మాది అనంతపురం జిల్లా. మేఘమథనం విమానం, అంటే వాన కోసం మబ్బుల్లో కణాలు చల్లే విమానం, వచ్చిపోతే మా ఊళ్లో శెనక్కాయ రైతులు "ఉన్న మబ్బునీ చెదరగొట్టిపోయింది" అని తిట్టుకునేవారు. నిజానికి వేడి మబ్బుల్లో, అంటే నీరు గడ్డకట్టని మబ్బుల్లో, అది వదిలేది పొగలాంటి సన్న కణాల్ని కాదు, తేమను లాక్కునే కాస్త పెద్ద ఉప్పు కణాల్ని. వాటి చుట్టూ పెద్ద చుక్కలు కట్టి మిగతావాటిని కలుపుకుంటాయి. మాలాగే వర్షచ్ఛాయలో (కొండలు అడ్డుపడి వాన తక్కువ పడే చోట) ఉన్న మహారాష్ట్రలోని షోలాపూర్‌లో, వాతావరణ పరిశోధన సంస్థ అయిన పుణె ఐఐటీఎం వాళ్లు 2018, 2019లో కాల్షియం క్లోరైడ్‌తో ఈ ప్రయోగం చేస్తే వాన దాదాపు 18 శాతం పెరిగింది. అదీ అప్పటికే ఎదుగుతున్న మబ్బుల్లోంచి వచ్చిందే. మబ్బే లేని రోజు విమానం ఎంత తిరిగినా పెట్రోలు ఖర్చే.