కంప్యూటర్ సందేహాలు: విండోస్‌లో నడిచింది, ఉబుంటులో ఆగింది

ప్రశ్న: విజువల్ స్టూడియోలో క్యూటీ లైబ్రరీతో రాసిన కిరాణా బిల్లింగ్ ప్రోగ్రామ్‌ను సీమేక్ అనే బిల్డ్ టూల్‌తో ఉబుంటు లినక్స్‌లో బిల్డ్ చేస్తున్నాను. హెడర్ ఫైలు ఫోల్డర్‌లోనే ఉన్నా లేదంటోంది. పేరు సరిచేస్తే 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు వీటేబుల్' అంటోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: మొదటిది కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ ఆపింది, రెండోది ఆ తర్వాత ముక్కలన్నిటినీ కలిపే లింకర్ ఆపింది. అంటే మీ పని ముందుకే సాగింది.

ఫైలు పేర్లలో చిన్న, పెద్ద అక్షరాల తేడాను విండోస్ మామూలుగా పట్టించుకోదు. లినక్స్‌కు అవి వేర్వేరు పేర్లు. ఇన్‌క్లూడ్ లైన్లన్నీ ఒకసారి చూడండి. బ్యాక్‌స్లాష్ కనిపిస్తే ఫార్వర్డ్ స్లాష్ పెట్టండి, అది విండోస్‌లోనూ చెల్లుతుంది. పేరులో అక్షరం సైజు ఒక్కటే మారితే విండోస్‌లో గిట్ (కోడ్ మార్పులను నమోదు చేసే టూల్) దాన్ని గమనించకపోవచ్చు. 'గిట్ ఎంవీ'తో ముందు వేరే పేరుకు, తర్వాత అసలు పేరుకు మార్చి కమిట్ చేయండి.

ఇక వీటేబుల్ (క్లాసులోని వర్చువల్ ఫంక్షన్ల పట్టిక) సంగతి. క్యూ_ఆబ్జెక్ట్ మాక్రో ఉన్న ప్రతి క్లాసుకూ 'మాక్' అనే టూల్ అదనపు కోడ్ తయారుచేయాలి. విజువల్ స్టూడియోలో ఆ పని క్యూటీ ఎక్స్‌టెన్షన్ చూసుకునేది. సీమేక్‌లో మీరే చెప్పాలి: టార్గెట్‌ను (తయారు కావాల్సిన ప్రోగ్రామ్‌ను) ప్రకటించే లైనుకు పైనే 'సీమేక్_ఆటోమాక్' ఆన్ చేయండి, కింద పెడితే ఆ టార్గెట్‌కు పట్టదు. హెడర్లు సోర్సు పక్కన కాక వేరే ఫోల్డర్‌లో ఉంటే వాటినీ టార్గెట్ ఫైళ్ల జాబితాలో చేర్చండి. చాలామందికి తప్పిపోయేది ఇదే. తర్వాత పాత బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేసి మళ్లీ కాన్ఫిగర్ చేయండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. 64 బిట్ విండోస్‌లో 'లాంగ్' 4 బైట్లు, 64 బిట్ లినక్స్‌లో 8. 'లాంగ్' ఉన్న స్ట్రక్ట్‌ను ఉన్నదున్నట్టు డిస్కు మీద రాసి ఉంటే పాత బిల్లుల మొత్తాలను ప్రోగ్రామ్ తప్పుగా చదవొచ్చు, ఎర్రర్ కూడా రాకపోవచ్చు. దుకాణదారుడి లెక్కలు కదా, 'ఇంట్32_టీ' లాంటి కచ్చితమైన సైజు టైపులు వాడండి.

ప్రశ్న: ఉబుంటు 24.04లో చేసిన ప్రోగ్రామ్ కాలేజీ ల్యాబ్‌లోని 20.04లో 'జీలిబ్‌సీ 2.38 నాట్ ఫౌండ్' అని ఆగిపోతోంది.
– ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: జీలిబ్‌సీ అంటే లినక్స్ ప్రోగ్రామ్‌లు ఆధారపడే మూల సీ లైబ్రరీ. 24.04లో జీలిబ్‌సీ 2.39, 20.04లో 2.31. పాతదాని మీద బిల్డ్ చేసింది కొత్తదాని మీద నడుస్తుంది, తిరగేస్తే నడవదు. కొత్త లైబ్రరీని ల్యాబ్ సిస్టమ్‌లోకి కాపీ చేయకండి, సిస్టమే లేవకుండా పోవచ్చు. డాకర్‌లో (మీ సిస్టమ్‌లోనే వేరే లినక్స్ వాతావరణాన్ని నడిపే టూల్) 20.04 ఇమేజ్ తెచ్చుకుని అందులో బిల్డ్ చేయండి. అక్కడ వచ్చే కంపైలర్ జీసీసీ 9 కాబట్టి సీ++20 కోడ్ కొంత కంపైల్ కాదు, సీ++17కు పరిమితం కండి.

ప్రశ్న: ఎం1 మ్యాక్‌లో లైబ్రరీ ఉన్నా లింకర్ 'ఆర్మ్64' సింబల్స్ లేవంటోంది.
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: ఎం1 ఆర్మ్ రకం ప్రాసెసర్. పాత ఇంటెల్ మ్యాక్ నుంచి డేటా తెచ్చుకున్నారా? లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసే హోమ్‌బ్రూ టూల్ రెండు చోట్ల ఉండొచ్చు: ఇంటెల్ హోమ్‌బ్రూ 'యూఎస్ఆర్' కింద 'లోకల్'లో, ఆర్మ్ హోమ్‌బ్రూ 'ఆప్ట్' కింద 'హోమ్‌బ్రూ'లో ఉంటాయి. సీమేక్ మొదటిదాన్ని పట్టుకుని ఉంటుంది. ఆ లైబ్రరీ మీద 'ఫైల్' కమాండ్ ఇస్తే ఏ ప్రాసెసర్‌దో తెలుస్తుంది. తర్వాత 'సీమేక్_ప్రిఫిక్స్_పాత్'కు ఆర్మ్ హోమ్‌బ్రూ ఫోల్డర్ ఇచ్చి, బిల్డ్ ఫోల్డర్ తీసేసి మళ్లీ కాన్ఫిగర్ చేయండి.