ప్రశాంతమైన ఊరు అని రాసే ముందు

బిడ్డా,

ఉత్తరాఖండ్‌లో బిన్సర్ అడవి దారి నడిచొచ్చి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మహబూబ్‌నగర్ బస్సులో, రెండోసారి ఇంట్లో ఎర్ర పెన్ను పట్టుకుని. ముప్పై ఏళ్ళు పిల్లల పేపర్లు దిద్దినదాన్ని, ఆ పెన్ను లేకుండా చదవడం నాకు రాదు. "పత్రికకు పంపనా పెద్దమ్మా?" అని అడిగావు. ఇప్పుడే పంపకు. ఎందుకు వద్దో రెండు ముక్కల్లో రాద్దామని కూర్చుంటే ఉత్తరం ఇంత పొడుగైంది.

అది సులువైన నడక. ముందు ఆ సంగతి ఒప్పుకో. అల్మోరా నుంచి కసార్ దేవి, బిన్సర్ అడవి, లోపలి పల్లెలు, ధౌల్‌ఛీనా, చివరికి జాగేశ్వర్. ఐదు రోజులు, రోజుకు నాలుగైదు గంటలు. ఎత్తు ఎక్కడా రెండున్నర వేల మీటర్లు దాటదు. చీకటి పడేసరికి ఎవరో ఒకరి ఇంట్లో వేడి వేడి పప్పు, రొట్టె, బరువైన రజాయి. 2012 నవంబర్‌లో నేను నడిచినప్పుడు నాకు యాభై నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పులు అప్పటికే మొదలయ్యాయి. ఇరవై ఆరేళ్ళ పిల్లవాడివి, ఆ దారి మీద "మృత్యువు అంచున అడుగులు" ఎలా వేశావు నాయనా? అదే దారిలో కంచరగాడిదలు సిమెంటు బస్తాలు మోస్తాయి. పిల్లలు బడికి పోతారు. సులువని ఒప్పుకుంటే చదివేవాళ్ళు పక్కన పెట్టేస్తారని నీ టెన్షన్. అందుకే లేని లోయల్ని తవ్వావు.

ఆ సులువునే పట్టుకుని రాయొచ్చు. ఎవరికి సులువు? పొద్దున్నే ఎనిమిదింటికి నువ్వు చిన్న బ్యాగు తగిలించుకుని బయలుదేరేసరికి, ఒకావిడ అడవికి పోయి గడ్డి కోసుకుని, మనిషి కనబడనంత మోపు నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చి ఉంటుంది. చలికాలం పశువులకు మేత ఇప్పుడే కోసి, చెట్టు చుట్టూ కుప్పగా పేర్చుకోవాలి. నీకు ట్రెక్కింగ్ అయిన ఆ ఎక్కుడు ఆమెకు రోజూ రెండుసార్లు. ఆమె నీ వ్యాసంలో ఉంది, కాదనను. ఫోటో కింద "కొండ జీవితపు అందం" అని రాశావు. నేను ఎర్ర పెన్ను మొదట పెట్టింది అక్కడే.

రెండో గీత "సూదుల్లాంటి ఆకులు పరిచిన మెత్తని తివాచీ" కింద పడింది. ఆ చీడ్ పైన్ చెట్ల ఆకుల్ని అక్కడివాళ్ళు పిరూల్ అంటారు. దాని మీద కాలు పెడితే సర్రున జారుతుంది, నీ ప్యాంటు వెనక మరక ఫోటోలో కనబడుతూనే ఉంది. ఎండాకాలం అదే అంటుకుంటుంది. 2024 జూన్‌లో బిన్సర్ అడవిలో మంటలార్పడానికి పోయిన అటవీ సిబ్బంది ప్రాణాలు పోయాయి. నువ్వు పిరూల్ అనే మాట అడిగి తెలుసుకుని ఉంటే జారుడూ, మంటా దాని వెంటే వచ్చేవి. తివాచీ దగ్గర ఆగిపోయావు. పైకి పోయే కొద్దీ పైన్ తగ్గి బాంజ్ అనే ఓక్ చెట్లు మొదలవుతాయి, నాచు పట్టిన కొమ్మలతో. ఆ చెట్లున్న చోట నేల తడిగా ఉంటుందని, ఊటలు బతుకుతాయని ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. ఆ ఊటల మీద కట్టిన రాతి గూడును నౌలా అంటారు. మన దిగుడుబావికి చిన్న చెల్లెలనుకో. నువ్వు ఒక నౌలా దగ్గర సీసా నింపుకున్నావు. ఎంతసేపు పట్టింది?

"ప్రకృతి ఒడి", "భూతల స్వర్గం", "మాటల్లో చెప్పలేని అనుభూతి" అన్నీ కొట్టేశాను. వీటి గురించి ఉపన్యాసం ఇవ్వను. చివరి దాని గురించి ఒక్క మాట: మాటల్లో చెప్పలేకపోతే మరి నాకెందుకు పంపావు?

ఇక కొండలు. బిన్సర్‌లో మంచుకొండలు కనబడే జీరో పాయింట్ దగ్గర నిలబడి నాలుగు శిఖరాలూ, వాటి ఎత్తులూ వరసగా అప్పజెప్పావు. అంకెలు తప్పు కాదు. నందాదేవి 7,816 మీటర్లే, త్రిశూల్ 7,120. కానీ అక్కడ నిలబడ్డవాడి కంటికి త్రిశూల్ దేనికీ తీసిపోదు, ఎందుకంటే అది ముందుంది, నందాదేవి దాని వెనక పక్కగా ఉంటుంది. నీ కన్ను అది చూసే ఉంటుంది. ఫోన్ చూపించిన అంకె నమ్మి, కన్ను చెప్పింది వదిలేశావు. ఇంకోటి. నీ ఫోటోల తేదీలు చూశాను. అల్మోరాలో దిగింది పదో తారీఖు, మొదటి మంచుకొండ ఫోటో పదమూడున. అంటే మధ్యలో రెండు రోజులు మబ్బే కదా? వ్యాసంలో ఆ రెండు రోజులూ మాయం. కొండలు చూడ్డానికి హైదరాబాద్ నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి కాఠ్‌గోదాం రైలు, అక్కడి నుంచి తొంభై కిలోమీటర్లు షేర్ జీపులో కడుపు తిప్పుకుంటూ పోయినవాడు రెండు రోజులు తెల్లటి గోడ చూస్తూ కూర్చున్నాడు. పేకాట ఆడారా? ఒకరి మీద ఒకరు విసుక్కున్నారా? అది చదవాలని నాకుంది.

నందాదేవి గురించి నేనొకటి చెబుతాను, వాడుకో. అక్కడివాళ్ళకు ఆమె ఆడపడుచు. పుట్టింటి నుంచి కైలాసానికి, అత్తవారింటికి పోయిన బిడ్డ. అల్మోరాలో భాద్రపదంలో ఆమె పేరిట మేళా జరుగుతుంది. మనం బతుకమ్మను చెరువు దాకా తీసుకుపోయి సాగనంపేటప్పుడు గొంతు ఎలా మారుతుందో నీకు తెలుసు, మీ అమ్మ పక్కన నిలబడి చూసినవాడివే. నేను దిగిన ఇంట్లో ముసలమ్మ పొద్దున పాలు పితికి వచ్చి, పైట కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ అటువైపు ఒకసారి చూసేది. దండం పెట్టేది కాదు. ఇవాళ కనబడిందా లేదా అని చూసినట్టుండేది. నేనప్పుడు అది భక్తి అని రాశాను. ఇప్పుడైతే ఆ మాట రాయను, చూసిందని రాసి వదిలేస్తాను.

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఈ ఉత్తరం అసలు దానికోసమే.

బిన్సర్ నుంచి కిందికి దిగే దారిలో ఒక ఊరు. రోడ్డు లేదు, నడిచే పోవాలి. పలక రాళ్ళ కప్పులు, వాటి మీద ఎండబెట్టిన మొక్కజొన్న కంకులు, గుమ్మడికాయలు. గుమ్మాలకు చెక్కడపు పని. ఆ పనిని కుమావూలో, అంటే ఆ కొండ ప్రాంతంలో, లిఖాయి అంటారు, రాత అని. నేను పొంగిపోయాను. గుమ్మాన్ని రాసేవాళ్ళున్న ఊరు! తిరిగొచ్చి పన్నెండు పేజీలు రాశాను. అందులో "ఎంత ప్రశాంతమైన ఊరో, ఒక్క గొంతు వినబడలేదు" అని ఒక వాక్యం. అచ్చయింది, మంచి పేరొచ్చింది.

ఆరేళ్ళకు, 2018లో, ఉత్తరాఖండ్ వలసల కమిషన్ నివేదిక గురించి పేపర్లో చదివాను. 2011 తర్వాత 734 ఊళ్ళు పూర్తిగా ఖాళీ అయ్యాయట. అంతకుముందే 2011 జనాభా లెక్కల్లో అల్మోరా, పౌడీ జిల్లాల జనాభా పెరగకపోగా తగ్గింది. ఖాళీ ఊళ్ళను అక్కడ దయ్యాల ఊళ్ళంటారు. పేపరు పక్కన పెట్టి పాత ఫోటోల డబ్బా దించాను. ఆ అందమైన గుమ్మాల ఫోటోలు పద్నాలుగు. తొమ్మిదింటికి తాళం కప్పలున్నాయి. తుప్పు పట్టినవి.

నేను పాలమూరు దాన్ని బిడ్డా. మా ఊళ్ళో ఇంటికి తాళం కప్ప కనబడితే బొంబాయి పోయారని, తట్ట పట్టుకుని ఏ కాలువ పనికో పోయారని పసిపిల్లప్పుడే తెలుసు. తాళం పడ్డ వాకిళ్ళ మధ్య ఆడుకుంటూ పెరిగినదాన్ని. అలాంటిదాన్ని రెండు వేల కిలోమీటర్లు పోయి, అదే తాళం కప్పను చూసి ప్రశాంతత అని రాశాను. కెమెరా గుమ్మం మీద పెట్టాను, తాళం మీద పెట్టలేదు. కొడుకులు ఢిల్లీలోనో హల్ద్వానీలోనో హోటళ్ళలో గిన్నెలు కడుగుతున్నారని, కోతులూ అడవిపందులూ పంట మిగలనివ్వడం లేదని, పొలాలు బీడు పడుతున్నాయని నాకు భోజనం పెట్టిన ఇంట్లోనే చెప్పారు. విన్నాను కూడా. రాసేటప్పుడు అది అందానికి అడ్డొచ్చిందేమో, దాటేశాను.

నీ పదకొండో పేరాలో "నిశ్శబ్దం నన్ను ఆవరించింది" అని ఉంది. ఫోటోలు మళ్ళీ చూసుకో. తాళాలు లేకపోవచ్చు, ఉంటే లెక్కపెట్టు. అలాగని మొత్తం వ్యాసాన్ని ఏడుపు చెయ్యకు. అక్కడ నవ్వుకునేవాళ్ళున్నారు, కొత్త ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళున్నారు, నీలాంటి నడిచేవాళ్ళ వల్ల నాలుగు డబ్బులు చూసేవాళ్ళున్నారు. "కల్లాకపటం తెలియని అమాయకులు" అని రాసిన చోట రెండు గీతలు పెట్టాను. హోమ్‌స్టే నడిపే మనిషి అమాయకుడైతే నెల తిరక్కుండా మూసుకోవాలి. నీ దగ్గర వేడినీళ్ళ బకెట్‌కు వేరే డబ్బు తీసుకున్నాడని కోపంగా రాసిందీ నువ్వే కదా, మూడు పేరాల కింద!

మాటల సంగతి. ఆ ఊరి ముసలాయన చేత శ్రీకాకుళం యాస మాట్లాడించావు. పల్లెటూరి మనిషి కనక ఏదో ఒక యాస ఉండాలనుకున్నావేమో. ఆయన ఇంట్లో కుమావూనీ మాట్లాడతాడు, నీతో హిందీ మాట్లాడాడు, నీ హిందీ నాకు తెలిసిందే. మీ ఇద్దరి మధ్య సగం సైగలే జరిగుంటాయి. ఆయన అన్న ఐదారు మాటలు మామూలు తెలుగులో పెట్టు. తల్లిని ఇజా అని, అన్నను దాజ్యూ అని పిలుస్తారు, ఆ పిలుపులు అలాగే ఉంచు. మిగతాది ఆయన చేతులు చెబుతాయి.

తిండి రాయడం మాత్రం నీకు వచ్చు. మడువా రొట్టె మన తైద రొట్టేనని, గహత్ పప్పంటే ఉలవలేనని గుర్తుపట్టిన చోట నాకు నోరూరింది. గంజాయి గింజల పచ్చడి మత్తెక్కిస్తుందేమోనని మీ స్నేహితుడు అరగంట నాడి చూసుకున్న ముక్క ఉంచు, ఎవరు తీసెయ్యమన్నా వినకు. జాగేశ్వర్ గుళ్ళు తొందరగా దాటేశావు, ఫర్వాలేదు, అప్పటికి అలసిపోయి ఉంటావు. ఆ దేవదారుల మధ్య గుడి శిఖరాలు చూస్తే నాకు మా ఆలంపురం నవబ్రహ్మ ఆలయాలు గుర్తొచ్చాయి, అదే నాగర పోకడ, ఉత్తరాది గుళ్ళ తీరు. తుంగభద్ర ఒడ్డున పెరిగిన శిఖరం అక్కడ చలిలో నిలబడినట్టుంది. ఇది నా వ్యాసంలోది, నువ్వు వాడుకోకు.

చితై గోలూ దేవత గుడి ఫోటో ఒకటి పెట్టావు. అది తీసెయ్యి. ఆ గుళ్ళో న్యాయం చెప్పే దేవుడికి జనం స్టాంపు పేపర్ల మీద అర్జీలు రాసి గంటల మధ్య కడతారు. భూమి తగాదాలు, కోర్టు కేసులు, ఉద్యోగం, పెళ్ళి. నీ ఫోటోలో ఒక అర్జీ మీద మనిషి పేరు, ఊరు చదవగలిగేలా ఉన్నాయి. దేవుడికి రాసుకున్నది మనం అచ్చెయ్యకూడదు. నేనూ ఒకటి చదివాను, ఒప్పుకుంటున్నా. ఒక పేజీ. దాన్లో ఒక్క విశేషణం లేదు. ఎవరు, ఎవరి మీద, ఏ పొలం, ఎన్నేళ్ళ నుంచి. అంతకు మించి నీకు చెప్పను. కానీ ఆ రాత నాకు పన్నెండు పేజీలు తిరగరాసేంత సిగ్గు తెచ్చింది.

మూడు వేల మాటలున్నాయి నీ వ్యాసంలో, పద్దెనిమిది వందలకు దించు. విమానాశ్రయం మొత్తం పోవాలి. షూస్ కొన్న కథ పోవాలి. మబ్బు రోజులు రావాలి. నాలుగో రోజు పొద్దున ఒక పెద్దావిడ రొట్టెలు కట్టి ఇచ్చిందని ఒక్క వాక్యంలో తేల్చేశావు, అక్కడ ఆగు. ఎన్ని రొట్టెలు? దేనిలో కట్టింది? ఆ ఇంట్లో ఇంకెవరున్నారు, గోడ మీద ఎవరి ఫోటోలున్నాయి? ఆవిడ నిద్ర లేచింది ఎన్నింటికి? గుర్తులేకపోతే ఫోన్ చేసి అడుగు. నంబరు నీ దగ్గర ఉంటుంది, డబ్బులు ఫోన్‌పే చేశావు కదా.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ప్రేమతో,
పెద్దమ్మ