వెనుక చీటీ చూడకుండా కొన్న 5000 వాట్లు

12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు గల హాలుకు 100 వాట్ల యాంప్లిఫైయర్ చాలుతుందా, 200 వాట్లది కొనాలా అని మీరు అడిగారు. రెండూ ఎక్కువేనని నా నిశ్చితాభిప్రాయం. ఆ నిశ్చయానికి రావడానికి నేను ఒక జత ట్వీటర్లను, అంటే సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్లను, బలి ఇచ్చుకున్నాను.

2002లో హైదరాబాదు కోఠిలోని ఒక దుకాణంలో, ముందు భాగాన 5000 వాట్లు అని మెరిసే అక్షరాలతో ముద్రించిన సెట్టు కొన్నాను. ఆ అంకె పక్కన చిన్నగా ఉన్న పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) అనే మాట గురించి దుకాణదారు చెప్పలేదు, నేను అడగలేదు. ఇంటికి వచ్చిన బంధువులకు దాని సత్తా చూపించాలన్న ఉత్సాహంతో మృదంగం తనియావర్తనం పెట్టి వాల్యూమ్ పెంచుకుంటూ పోగా, ప్రతి దెబ్బకూ పగిలిన రేకు మోగినట్లు వినిపించింది, అయినా తగ్గించలేదు. అరగంటలో రెండు ట్వీటర్లూ మూగబోయాయి. మరమ్మతు చేసే ఆయన పెట్టెను తిప్పి, వెనుక అతికించిన చీటీ చూపించాడు: 230 వోల్టులు, 60 వాట్లు. గోడ నుంచి 60 వాట్లు తీసుకునే పెట్టె స్పీకర్లకు 5000 వాట్లు ఎక్కడి నుంచి తెస్తుందండీ అని ఆయన అడిగితే నేను మాట్లాడలేకపోయాను. 6 ఆంపియర్ల సాకెట్టు మొత్తం ఇవ్వగలిగిందే 1380 వాట్లు. పీఎంపీఓకు అందరూ ఒప్పుకున్న నిర్వచనమే లేదు కనుక ఎవరికి తోచిన అంకె వారు వేసుకున్నారు. ఆ అంకెలకు మురిసిపోయిన మనదీ తప్పే.

ఆ తరువాత ఛానెలుకు 30 ఆర్ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగల నిజమైన వాట్లు, ఇచ్చే యాంప్లిఫైయర్, 8 ఓముల నిరోధం గల స్పీకర్లు కొన్నాను. ఒక సాయంత్రం పాట మోగుతుండగా మల్టీమీటరును ఏసీ వోల్టులకు తిప్పి స్పీకరు తీగల దగ్గర పెట్టి చూస్తే, ముల్లు 2 వోల్టుల దగ్గరే ఊగింది. 2ను 2తో హెచ్చించి 8తో భాగిస్తే వచ్చేది అర వాట్. ఆపాటికే వంటింట్లో నుంచి తగ్గించమని కేక వినబడింది.

అయితే అది సగటు మాత్రమే. సగటు కంటే 15 డెసిబెళ్లు పైకి లేచే మృదంగపు దెబ్బకు ఆ క్షణంలో 30 రెట్లకు పైగా, అంటే సుమారు 16 వాట్లు కావాలి. అంత శక్తి లేని యాంప్లిఫైయర్‌లో తరంగాల తలలు తెగిపోతాయి, నా ట్వీటర్లను కాల్చింది అదే. 30 వాట్లలో ఆ అవసరం తీరి, ఇంకా మిగులుతుంది.

100 నుంచి 200 వాట్లకు వెళితే పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి రెట్టింపుగా తోచాలంటే దాదాపు 10 డెసిబెళ్లు, అంటే పదింతల శక్తి కావాలి. ఆ 3 డెసిబెళ్లు 86కు బదులు 89 డెసిబెళ్ల సెన్సిటివిటీ (ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో వినిపించే ధ్వని) గల స్పీకర్లతోనే వచ్చేస్తాయి. కాబట్టి డబ్బు స్పీకర్ల మీద పెట్టండి. మీ స్పీకర్ల సెన్సిటివిటీ ఎంతో, అవి 4 ఓములవో 8 ఓములవో రాస్తే లెక్క వేసి చెబుతాను.