స్కూల్ నుంచి బరువు ఉత్తరం వచ్చిందా?

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్న ఒక తల్లి సందేహం: ‘మా అబ్బాయికి అయిదేళ్లు. స్కూల్లో మొదటి తరగతి, అదే రిసెప్షన్‌లో ఎత్తు, బరువు చూసి, బరువు ఎక్కువని ఉత్తరం పంపారు. మా అత్తగారేమో బొద్దుగా ఉన్నాడు, అంతే అంటున్నారు. ఎవరి మాట వినాలి?’

ముందు టెన్షన్ తగ్గించుకోండి. మిమ్మల్నే వెతికి పంపిన ఉత్తరం కాదది. ఇంగ్లండ్‌లో రిసెప్షన్‌లో ఒకసారి, పది పదకొండేళ్లప్పుడు ఇయర్ సిక్స్‌లో ఒకసారి దాదాపు పిల్లలందరినీ తూస్తారు. వయసుకి, ఎత్తుకి తగ్గట్టు లెక్కేసి 91వ సెంటైల్ దాటితే, అంటే ప్రమాణంగా పెట్టుకున్న వందమంది పిల్లల్లో తొంభై ఒక్కరికన్నా పైన ఉంటే, బరువు ఎక్కువ అంటారు. అది జబ్బు పేరు కాదు. అలాగని చింపి పారేయకండి. పుణెలో షుగర్ వ్యాధి మీద పరిశోధన చేసే డాక్టర్ యాజ్ఞిక్ బృందం చూసిన పసిపిల్లలు ఇంగ్లండ్ పిల్లలకన్నా తక్కువ బరువుతో పుట్టారు, కానీ ఆ బక్క ఒంట్లోనే కొవ్వు వాటా ఎక్కువ. మన ఒళ్ల తీరు అలాంటిది. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉన్నా, కడుపుతో ఉన్నప్పుడు మీకు వచ్చినా ఆ ఉత్తరాన్ని ఇంకాస్త శ్రద్ధగా చదవాలి.

పద్నాలుగేళ్ల కిందట మాకూ వచ్చింది. ‘పిల్లాడికి గవర్నమెంటే దిష్టి పెడుతోంది’ అని మా అత్తగారు ఉప్పు తిప్పి పడేశారు. నేను రెండు రోజులు ఏడ్చి, ఇంట్లో ఉన్న స్వీట్లన్నీ చెత్తబుట్టలో వేశాను. తీరా చూస్తే గొడవంతా స్వీట్లతో కాదు.

నాకప్పుడు కేర్ హోమ్‌లో మధ్యాహ్నం షిఫ్టు. మావాడు స్కూల్లో వేడి భోజనం తినేవాడు. మూడుంబావుకి మా ఆయన కారెక్కించి, పేచీ పెట్టకుండా క్రిస్ప్స్ ప్యాకెట్ చేతికిచ్చేవారు. అయిదింటికి నానమ్మ ఫోన్లో బొమ్మలు పెట్టి, నెయ్యేసిన పప్పన్నం ముద్ద తర్వాత ముద్ద తినిపించేవారు. రాత్రి తొమ్మిదింటికి నేను కంచం ముందు కూర్చోగానే వాడు కళ్లు నులుముకుంటూ వచ్చి ఆనుకునేవాడు. రోజంతా చూడలేదన్న బాధ కదా, కలిపి పెట్టేదాన్ని. రెండు ముద్దలతో మొదలై పూర్తి భోజనం అయ్యేది. వాడు మూడు భోజనాలు చేస్తున్నాడని మా ముగ్గురికీ తెలియదు, ఎవరికి వాళ్లం ఒక్కసారే పెడుతున్నాం మరి. పైగా పడుకునేసరికి పదిన్నర. ఆ వయసుకి కనీసం పది గంటల నిద్ర కావాలి. నిద్ర తగ్గే పిల్లలకు బరువు పెరిగే అవకాశమూ ఎక్కువే.

కాబట్టి వారం రోజులు ఫ్రిజ్ మీద ఓ కాగితం అతికించండి. ఎవరు ఏం పెట్టినా, ఏం తాగించినా రాయాలి, మీతో సహా. తాగేవి మరిచిపోకండి. జ్యూస్ రోజుకు 150 మిల్లీలీటర్లు దాటకూడదని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ మాట. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు విడిగా కలిపే చక్కెర, తేనె, జ్యూస్‌లో ఉండే చక్కెర అన్నీ కలిపి రోజుకు 19 గ్రాములు, అంటే అయిదు చక్కెర బిళ్లలు. పాలల్లో కలిపే పొడి డబ్బా వెనక ఒకసారి చదవండి.

ఇక కదలడం. మనం అద్దెకు తీసుకునేది పై అంతస్తులో వన్ బెడ్‌రూమ్. చలికాలం నాలుగింటికే చీకటి. పిల్లాడు గెంతితే కింది ఇంటాయన కర్రతో సీలింగ్ మీద కొడతాడు. గెంతొద్దని ఫోన్ చేతికిచ్చేది మనమే, ఒళ్లు కదల్చడని దిగులుపడేదీ మనమే. వాన తగ్గేదాకా ఆగితే ఈ దేశంలో పార్కు మొహం చూడలేం. వెల్లీలనే రబ్బరు బూట్లు, రెయిన్‌కోటు కొని నడిపించండి.

పస్తులు పెట్టకండి, మీ అంతట మీరు బరువు తగ్గించబోకండి. ఎత్తు ఎదిగేకొద్దీ సర్దుకునే అవకాశం ఉంది, అనుమానముంటే మీ ఫ్యామిలీ డాక్టర్‌ని, అదే జీపీని అడగండి. వాడి ఎదుట ‘లావు’ మాట మాత్రం వద్దు.

అత్తగారితో నెయ్యి దగ్గర గొడవ పెట్టుకోకండి. విజిటర్ వీసా మీద ఉండేదే ఆరు నెలలు, మనవడికి ముద్ద పెట్టడం తప్ప ఆవిడకు ఇక్కడేం పని ఉంది? మా అత్తగారికి స్కూల్ నుంచి తీసుకొచ్చే పని అప్పగించాం. పట్టుచీర మీద మా ఆయన జాకెట్, కాళ్లకు ట్రైనర్లు. మొదటి వారం మోకాళ్లు నొప్పులన్నారు. రెండో వారానికి, ఇద్దరూ బాతులు చూసి రావాలని చెరువు గట్టు మీదుగా చుట్టూ తిరిగి రావడం మొదలుపెట్టారు.