17 ఏళ్ల అమ్మాయికి గర్భం: తాళి కట్టిస్తే కేసు పోతుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అమ్మాయికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. నాలుగో నెల అని మొన్ననే తెలిసింది. అబ్బాయికి 21, మా వీధివాడే. సింహాచలంలో తాళి కట్టించేస్తే గొడవ వదులుతుందని పెద్దలంటున్నారు. ఆసుపత్రికెళ్తే పోలీసు కేసవుతుందట. కాలేజీవాళ్లు టీసీ తీసుకుపొమ్మన్నారు. పరువు పోకుండా దారి చెప్పండి. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ తాళి మాట పక్కన పెట్టండి. 18 నిండని పిల్లకు పెళ్లి చేయడం 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం నేరం. చేయించిన మగపెద్దలకూ, మంత్రాలు చదివిన పంతులుగారికీ రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. పైగా పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు పెళ్లితో పోదు. అమ్మాయి ఇష్టపడే వెళ్లిందన్నా చెల్లదు. గర్భం వచ్చిందంటే తీవ్ర నేరం కిందకు వస్తుంది, రుజువైతే కనీస శిక్ష 20 ఏళ్లు. ప్రేమ వ్యవహారాల్లో ఇది మరీ కఠినమని నాకూ అనిపిస్తుంది. కానీ ఇవాళ్టి చట్టం అదే, వీధిపెద్దల రాజీకి లొంగదు.

డాక్టరు పోలీసులకు తెలియజేయాలన్నది నిజమే. అయితే 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఒక వెసులుబాటు ఇచ్చింది. గర్భస్రావానికి వచ్చిన మైనరూ, సంరక్షకులూ కోరితే ఆ సమాచారంలో డాక్టరు ఆమె పేరు చెప్పనక్కర్లేదు. కోరితేనే సుమా! తెల్లకాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేసి ఇవ్వండి, నకలు మీ దగ్గరుంచుకోండి. ఈ తీర్పు సంగతి తెలియని డాక్టర్లూ ఉంటారు.

గుట్టు కోసం దొంగచాటు వైద్యం దగ్గరకు పోకండి, ప్రాణం మీదికొస్తుంది. ఘోషా, కేజీహెచ్ లాంటి ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. గర్భస్రావానికి మీరిచ్చే అనుమతి పత్రాన్ని కవర్లో పెట్టి సీలేసి, పైన ‘రహస్యం’ అని రాసి దాచాలని నిబంధన. మిగతా రిజిస్టర్లలో పేరు బదులు వరుస నంబరే ఉండాలి. ఈ వివరాలు బయటపెడితే ఏడాది వరకు జైలు. 20 వారాల వరకు ఒక డాక్టరు, మైనర్లకు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం చాలు. నాలుగో నెలంటే ఆలస్యం పనికిరాదు.

అన్నట్టు, ఇంత రాశారు గానీ అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క రాయలేదు. సంతకం మీదే కావచ్చు, కానీ ఆమెకు ఇష్టం లేకుండా గర్భస్రావం చేయించకూడదు. కంటానంటే, తర్వాత బిడ్డను బాలల సంక్షేమ కమిటీకి అప్పగించే వీలుంది. మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువిస్తారు.

పోలీసులు వాంగ్మూలానికి వస్తే స్టేషనుకు తీసుకెళ్లక్కర్లేదు. మీ ఇంట్లోనే, యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు మహిళా ఎస్సైయే నమోదు చేయాలి. ఆమె పేరు వాట్సాప్‌లో తిప్పేవాళ్లకు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షాచట్టం) 72వ సెక్షను కింద రెండేళ్ల దాకా పడుతుంది.

గర్భవతి అని టీసీ చేతిలో పెట్టే హక్కు కాలేజీకి ఏ చట్టమూ ఇవ్వలేదు. దేని మీదా సంతకం చేయకండి, కారణం కాగితం మీద రాసిమ్మనండి. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. తగ్గకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును పెడతారు. ఈలోగా పరీక్ష ఫీజు గడువు మాత్రం దాటనివ్వకండి.